పద్నాలుగేళ్ళ పిల్లవాడికి ఎంత క్వాడ్ బైక్?

పుదుచ్చేరిలోని ఇందిరా నగర్‌లో ఒకే వీధిలో ఉండే ఇద్దరు కుర్రవాళ్ళను ఊహించుకోండి. ఇద్దరికీ 14 ఏళ్ళు. ఒకే బడి, ఒకే తరగతి, సాయంత్రమైతే ఒకే క్రికెట్ జట్టు. ఒకడి ఎత్తు 148 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలు. రెండోవాడు నిరుటి నుంచి ఒక్కసారిగా సాగాడు. ఇప్పుడు 171 సెంటీమీటర్లు, 70 కిలోలు. వాడి ప్యాంట్ల మడతలు విప్పీ విప్పీ వాళ్ళమ్మ విసిగిపోయింది. సెలవుల్లో ఒక ఆదివారం ఇద్దరూ పెద్దవాళ్ళతో కలిసి బీచికి వెళ్తారు. అక్కడ ఇసుకలో లావుపాటి టైర్లున్న నాలుగు చక్రాల బండ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. పది నిమిషాలకు ఇంత అని అద్దె. "నాన్నగారూ, ఒక్క రౌండే" అంటాడు చిన్నవాడు. వాళ్ళది యానాం నుంచి ఉద్యోగరీత్యా వచ్చిన కుటుంబం అనుకోండి. బండి అద్దెకిచ్చే మనిషి "ఇది యాక్సిలరేటరు, ఇది బ్రేకు, అంతే సార్" అంటాడు. తండ్రి అడిగేది ఒకే ప్రశ్న: "ఎన్ని సీసీ?" ఏదో ఒక అంకె చెబుతారు, డబ్బులు చేతులు మారతాయి. ఇద్దరికీ ఒకే సైజు బండ్లు ఇస్తారు.

తండ్రిది అశ్రద్ధ కాదు. ఆయనకు తెలిసిన కొలమానం అదే. మన దేశంలో బండి అంటే సీసీ. వంద సీసీ అంటే ఇంటి బండి, మూడు వందల యాభై అంటే బుల్లెట్టు. చట్టం కూడా చిన్నవాళ్ళ విషయంలో 50 సీసీ అనే గీతనే గీసింది. కానీ సీసీ చెప్పేది సిలిండర్‌లో పిస్టన్ కదిలే చోటు ఎంత ఘనపరిమాణం ఉందన్నది మాత్రమే. బండి ఎంత బరువో, ఎంత ఎత్తో, ఎంత వేగం పోగలదో, పిల్లవాడి వేళ్ళు బ్రేకును అందుకుంటాయో లేదో అది చెప్పదు. క్వాడ్ బైక్ విషయంలో ప్రాణం మీదకు తెచ్చేవి సరిగ్గా ఈ చెప్పని సంగతులే.

ఈ పొరపాటు ముందు అమెరికా చేసింది, తరవాత దిద్దుకుంది. అక్కడ 1970లలో ఇలాంటి బండ్లు మూడు చక్రాలతో మొదలయ్యాయి. 1980ల మొదట్లో నాలుగు చక్రాలవి వచ్చాయి. మూడు చక్రాల బండ్లు బోల్తా పడి పిల్లలు చనిపోతుంటే 1988లో ప్రభుత్వానికీ తయారీదారులకూ మధ్య కోర్టు ద్వారా ఒక ఒప్పందం కుదిరింది. మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగింది. నాలుగు చక్రాల వాటికి సీసీని బట్టి వయసులు నిర్ణయించారు: 70 సీసీలోపు ఆరేళ్ళు దాటినవాళ్ళకు, 70 నుంచి 90 దాకా 12 ఏళ్ళు దాటినవాళ్ళకు, 90 దాటితే 16 ఏళ్ళు నిండినవాళ్ళకు. కాగితం మీద చక్కగా ఉంది. ఆచరణలో ఏమైందంటే, 14, 15 ఏళ్ళ పొడుగు కుర్రవాళ్ళకు 90 సీసీ బండి మీద మోకాళ్ళు హ్యాండిల్‌కు తగిలేవి. వాళ్ళు దాన్ని వదిలేసి నాన్న బండి ఎక్కేవారు. పిల్లల్ని చిన్న బండి మీద ఉంచాల్సిన నియమమే వాళ్ళను పెద్ద బండి మీదకు ఎక్కించింది.

2000 దశకం చివరికి అమెరికా సీసీ లెక్కను పక్కన పెట్టి వేగం లెక్కకు మారింది. 2008లో చేసిన వినియోగదారుల భద్రతా చట్టం ఈ ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది. ఆరేళ్ళు దాటినవాళ్ళ బండికి గంటకు 24 కిలోమీటర్లు గరిష్ఠ వేగం. బిగింపు పెట్టి దాన్ని 16కు తగ్గించగలగాలి. పదేళ్ళు, 12 ఏళ్ళు దాటినవాళ్ళ తరగతులకు గరిష్ఠం 48, బిగింపుతో 24. పధ్నాలుగు దాటినవాళ్ళ కోసం మధ్యస్థంగా ఒక కొత్త తరగతి వచ్చింది. పెద్దల బండికి కాస్త చిన్నది, గరిష్ఠ వేగం 61, బిగింపు పెడితే 32, పైగా పెద్దవాళ్ళ పర్యవేక్షణ తప్పనిసరి. ఇందులో కొత్తదనం అంకెల్లో లేదు, బిగింపులో ఉంది. ఒక స్క్రూ తిప్పి బండి వేగాన్ని పిల్లవాడి నేర్పు పెరిగినకొద్దీ పెంచవచ్చు. మన బీచి బండ్లలో చాలావాటికి యాక్సిలరేటర్ దగ్గర ఆ స్క్రూ ఉంటుంది. దాన్ని ఎవరు, ఎంతకు బిగించారన్నది అడిగేవాళ్ళు అరుదు.

ఇంతా చేసినా అక్కడి పిల్లల వైద్యులు ఒప్పుకోలేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాట ఒకటే: 16 ఏళ్ళు నిండకుండా ఏ సైజు క్వాడ్ కూడా వద్దు. వాళ్ళ పట్టుదలకు కారణం ఉంది. 1982 నుంచి లెక్కిస్తే ఆ దేశంలో ఈ బండ్ల మీద చనిపోయిన 16 ఏళ్ళలోపు పిల్లలు మూడు వేలకు పైనే. ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చే క్వాడ్ గాయాల్లో దాదాపు పావు వంతు ఈ వయసువాళ్ళవే. కాబట్టి ఇక ముందు చెప్పేదంతా, సరైన సైజు ఎంచుకుంటే ప్రమాదం ఉండదన్న హామీ కాదు. తప్పు సైజు ఎందుకు అంత ప్రమాదమో చెప్పడానికే.

నాలుగు చక్రాలు చూడగానే కలిగే ధైర్యం దగ్గర మొదలుపెట్టాలి. రెండు చక్రాల బండి పడిపోతుందని అందరికీ తెలుసు, అందుకే జాగ్రత్తగా ఎక్కుతారు. క్వాడ్ ఆగి ఉన్నప్పుడు మంచంలా నిలబడుతుంది. కానీ సైకిల్, మోటారు సైకిల్ మలుపులో తమంతట తాము ఒరుగుతాయి, ఆ ఒరగడమే వాటిని కాపాడుతుంది. క్వాడ్ ఒరగదు. పైగా చాలా క్వాడ్‌లలో వెనక ఇరుసు ఒకే కడ్డీ. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఆ తేడాను సర్దడానికి కారులో డిఫరెన్షియల్ ఉంటుంది. ఒకే కడ్డీ ఇరుసుకు ఆ సౌకర్యం లేదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సిందే. అందుకే హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగానే పోవాలని చూస్తుంది. దాన్ని తిప్పేది హ్యాండిల్ ఒక్కటే కాదు, పైనున్న మనిషి ఒళ్ళు కూడా. సీటు మీద ముందుకు జరిగి, ఒంటిని మలుపు లోపలికి వంచి, కాళ్ళ మీద బరువు మార్చుకుంటూ నడపాలి. ఊరికే కూర్చుని నడిపే బండి కాదది.

ఇప్పుడు ఇందిరా నగర్ కుర్రవాళ్ళను మళ్ళీ తీసుకుందాం. పెద్దల క్వాడ్ ఒకటి 260 కిలోలు ఉందనుకోండి. దాని మీద 40 కిలోల పిల్లవాడు ఒంటిని 20 సెంటీమీటర్లు పక్కకు జరిపాడు. బండీ మనిషీ కలిసిన మొత్తం బరువు 300 కిలోలు. ఆ మొత్తానికి గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, జరిగేది 40ని 20తో గుణించి 300తో భాగిస్తే వచ్చేంత: 2.7 సెంటీమీటర్లు. అదే పిల్లవాడిని 130 కిలోల కుర్రకారు బండి మీద కూర్చోబెడితే, అంతే ఒరిగితే, గరిమనాభి 4.7 సెంటీమీటర్లు జరుగుతుంది. పిల్లవాడి శ్రమ ఒకటే, ఫలితం దాదాపు రెట్టింపుకు దగ్గర. పెద్ద బండి మీద ఆ చిన్నవాడు చోదకుడు కాదు, సామాను. బండి ఎటు పోతే అటు పోతాడు.

"అయితే చిన్న బండి ఇస్తే సరి" అనిపిస్తుంది. ఇక్కడే రెండో పొరపాటు. పొడుగువాడిని, 70 కిలోలవాడిని, చిన్నపిల్లల 80 కిలోల బండి ఎక్కించండి. బండి గరిమనాభి నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తులో, కూర్చున్న వాడి గరిమనాభి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, రెండూ కలిపి 61 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. గడ్డి మోపులు ఎత్తుగా వేసిన బండి ఒక చక్రం గుంటలో దిగితే ఏమవుతుందో పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే ఆ బండి నిలకడ ఎంతో స్థూలంగా తెలుస్తుంది. ఆ సగం దూరం 30 సెంటీమీటర్లయితే ఇక్కడ నిలకడ 0.49. అదే బండి మీద 40 కిలోలవాడు కూర్చుంటే గరిమనాభి సుమారు 52 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది, నిలకడ 0.58. అంటే ఒకడికి నప్పే బండి రెండోవాడి కింద గడ్డి బండి అవుతోంది. పుట్టిన సంవత్సరం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఈ నిష్పత్తి ఉత్త లెక్కల సరదా కాదు. ఆస్ట్రేలియాలో పొలాల్లో క్వాడ్‌ల కింద పడి రైతులు, వాళ్ళ పిల్లలు చనిపోవడం పెద్ద సమస్య అయింది. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బండ్లను వాలుబల్లల మీద పెట్టి ఏ కోణంలో పడతాయో కొలిచారు. 2019లో ఆ దేశం ఒక ప్రమాణం తెచ్చింది. దాని ప్రకారం 2021 అక్టోబరు నుంచి సాధారణ వాడుక క్వాడ్‌లకు పక్కవాలు నిలకడ కనీసం 0.55 ఉండాలి. అంటే దాదాపు 29 డిగ్రీల వాలు దాకా పడకూడదు. అంతకుముందు ఏడాది నుంచే ఆ కోణం రాసిన చీటీ ప్రతి కొత్త బండికీ కట్టాలన్న నియమం వచ్చింది. వెనక ఒక రక్షణ కమ్మీ కూడా తప్పనిసరి చేశారు, బోల్తా పడ్డా కింద మనిషికి ఊపిరాడే ఖాళీ మిగలాలని. ఆ నిబంధనలు ఇష్టంలేక కొన్ని పెద్ద కంపెనీలు అక్కడ అమ్మకాలే మానేశాయి. ఆ ప్రమాణం పెద్దల బండ్లదే, పిల్లల బండ్లకు వర్తించదు. పైన వేసిన అంచనాను దానితో నేరుగా పోల్చకూడదు. కానీ బండి ఎన్ని డిగ్రీలకు పడుతుందో కొనేవాడికి ముందే చెప్పాలన్న ఆలోచన మాత్రం ఎక్కడికైనా పనికొస్తుంది.

ఊపిరి సంగతి ఎందుకు వచ్చిందంటే, క్వాడ్ మరణాల్లో తల పగలడం, వెన్ను విరగడం ఎలాగూ ఉంటాయి, వాటితో పాటు నిశ్శబ్దంగా జరిగేది ఒకటుంది. బండి తిరగబడి ఛాతీ మీద ఆగుతుంది. పక్కటెముక ఒక్కటి కూడా విరగకపోవచ్చు. అయినా ఛాతీ పైకి లేవదు, గాలి లోపలికి పోదు. పెద్దవాడైతే తోసుకుని బయటపడే అవకాశం కొంతైనా ఉంటుంది. 40 కిలోల పిల్లవాడు 260 కిలోల బండిని కదపలేడు. హెల్మెట్ తలను కాపాడుతుంది, తప్పకుండా పెట్టాలి, తలకు సరిపోయేది పెట్టాలి. ఛాతీ మీద బరువుకు హెల్మెట్ ఏమీ చేయలేదు.

వేగం లెక్క కూడా ఈ నిష్పత్తి నుంచే వస్తుంది. నిలకడ 0.55 ఉన్న బండి ఆరు మీటర్ల వ్యాసార్థంతో, అంటే ఒక మాదిరి ఇంటి ముంగిట్లో తిరిగేంత మలుపులో, గట్టి నేల మీద గంటకు సుమారు 20 కిలోమీటర్ల దగ్గర లోపలి చక్రాలు లేపే స్థితికి వస్తుంది. ఇరవై అంటే చురుగ్గా తొక్కే సైకిల్ వేగం. అంత తక్కువా అని ఆశ్చర్యం కలుగుతుంది. పొడి ఇసుకలో టైర్లు జారతాయి కాబట్టి బండి చాలాసార్లు పడకుండా పక్కకు కొట్టుకుపోతుంది. అందుకే బీచి సవారీ సురక్షితం అనిపిస్తుంది. జారుతున్న చక్రం ముందు బండి చేసిన గాడిలోనో, అలలు తడిపి గట్టిపడిన అంచులోనో చిక్కుకున్న క్షణంలో జారడం ఆగి బోల్తా మొదలవుతుంది. ఇసుక మెత్తన కదా, పడ్డా ఏం కాదు అనే మాటలో పైన పడే బండి బరువు లెక్కలోకి రాలేదు.

పుదుచ్చేరి పట్టణం ముందున్న ఇసుక తీరం 1980లలో ఓడరేవు గోడలు కట్టాక కోతకు గురై రాళ్ళ గట్టు మిగిలింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీళ్ళలో కట్టిన కృత్రిమ దిబ్బ వల్ల ఈమధ్య కొంత ఇసుక తిరిగి వచ్చింది. విశాలమైన ఇసుక కావాలంటే ఇప్పటికీ పట్టణం దాటి దక్షిణానికో ఉత్తరానికో పోవాలి. ఆ ఇసుక చదునుగా ఉండదు, సముద్రం వైపు వాలి ఉంటుంది. ఆ వాలు పొడవునా అడ్డంగా నడిపితే బండి నిలకడలోంచి కొన్ని డిగ్రీలు ముందే ఖర్చయిపోయినట్టు. ఇదే ఇసుకలో ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వాటి తరఫున అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

సరే, శరీరాన్ని ఎలా కొలవాలి? ప్రయోగశాల అక్కర్లేదు. పిల్లవాడు బండి మీద పాదాలు పెట్టే చోట నిలబడితే సీటుకూ కాళ్ళ మధ్య భాగానికీ నడుమ బెత్తెడు ఖాళీ, అంటే సుమారు 8 నుంచి 15 సెంటీమీటర్లు, ఉండాలి. గతుకు వచ్చినప్పుడు మోకాళ్ళను స్ప్రింగుల్లా వాడి లేచి నిలబడటానికి ఆ జాగా కావాలి. అది లేకపోతే గతుకు సీటులోంచి వాడిని ఎగరేస్తుంది. కూర్చున్నప్పుడు తొడలు నేలకు సమాంతరంగా ఉండాలి. మోకాళ్ళు తొడల కన్నా పైకి లేచి ఉంటే బండి వాడికి చిన్నది. హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినప్పుడు మోకాలికి తగలకూడదు, మోచేతుల్లో వంపు పోకూడదు. చేయి పూర్తిగా చాపితే గానీ హ్యాండిల్ అందడం లేదంటే మలుపులో వాడు ముందుకు లాగబడతాడు.

వేళ్ళ సంగతి చాలామంది చూడరు. క్వాడ్‌లో యాక్సిలరేటర్ మోటారు సైకిల్‌లా పిడి తిప్పేది కాదు, బొటనవేలితో నొక్కే చిన్న మీట. మలుపులో ఒళ్ళు వంచుతున్నప్పుడు పిడి తనంతట తిరిగిపోకుండా అలా పెట్టారు. హ్యాండిల్‌ను ఎటు తిప్పినా ఆ బొటనవేలు మీటను నొక్కగలగాలి, వదలగలగాలి. మిగతా వేళ్ళు పిడి వదలకుండా బ్రేకు మీటను మొదటి కణుపు దాకా అందుకోవాలి. చిన్న చేయి పెద్ద పిడి మీద ఉంటే బ్రేకు కోసం పట్టు సడలించాల్సి వస్తుంది, భయంతో గట్టిగా పట్టుకుంటే బొటనవేలు మీటను నొక్కేస్తుంది. "బ్రేకు వేశాననుకున్నా, బండి ఎగిరింది" అని పిల్లవాడు చెబితే అబద్ధమనుకోకూడదు.

ఇక్కడ పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: మేమంతా నాన్నల సైకిళ్ళ మీదే నేర్చుకున్నాం కదా, త్రికోణపు ఫ్రేములోంచి కాలు దూర్చి తొక్కలేదా? తొక్కారు, పడ్డారు, మోకాళ్ళు చీరుకున్నారు. నిజమే. ఆ సైకిల్ బరువు ఇరవై కిలోల చుట్టుపక్కల, దాన్ని నడిపింది వాళ్ళ కాళ్ళ బలమే. తన బలం కన్నా ఎక్కువ వేగం పిల్లవాడికి ఆ సైకిల్ ఇవ్వలేదు, పల్లంలో తప్ప. ఇంజను ఆ హద్దు చెరిపేసింది. ఇంకో అలవాటు యూనిఫారాలది. వచ్చే ఏడాదికి కూడా సరిపోతుందని రెండు అంగుళాలు వదులుగా కుట్టిస్తారు. చొక్కా వదులైతే నవ్వుతారు, అంతే. సొంత స్థలమో తోటో ఉన్న కుటుంబాలు పిల్లలకు క్వాడ్ కొనేటప్పుడు "పెరుగుతాడు కదా" అని పెద్దది కొనడం ఆ అలవాటుకు కొనసాగింపే. పెరిగేదాకా మధ్యలో ఏడాదో రెండేళ్ళో ఉంటాయి.

ఆ పెరుగుదల కూడా నేరుగా సాగదు. ఉధృతంగా ఎదిగే ఏడాదిలో అబ్బాయిలు 9, 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. అమ్మాయిలకు ఆ దశ దాదాపు రెండేళ్ళు ముందే వస్తుంది. 12 ఏళ్ళ అమ్మాయి తన తరగతి అబ్బాయిలందరి కన్నా పొడుగ్గా ఉండవచ్చు. ముందు కాళ్ళూ చేతులూ సాగుతాయి, కండబలం ఆ తరవాత వస్తుంది. కాబట్టి 171 సెంటీమీటర్ల పద్నాలుగేళ్ళవాడికి పెద్దల బండి కొలతకు సరిపోవచ్చు, దాన్ని అదుపు చేసే బలం ఇంకా రాకపోవచ్చు. నిర్ణయాలు తీసుకునే మెదడు ముందు భాగం ఇరవైలు నడిచేదాకా పక్వానికి వస్తూనే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్‌తో కలిసి 2005లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోదగింది. కంప్యూటర్ మీద కారు నడిపే ఆటలో ఒంటరిగా ఉన్నప్పటి కన్నా తోటివాళ్ళు పక్కనున్నప్పుడు కౌమారంలో ఉన్నవాళ్ళు చాలా ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. పెద్దల్లో ఆ తేడా దాదాపు కనబడలేదు. బీచిలో ఇద్దరు స్నేహితులు, చేతిలో ఫోన్లు, చూసేవాళ్ళు పదిమంది. సరిగ్గా ఆ ప్రయోగశాలే.

ఇద్దరూ ఒకే బండి ఎక్కడం మాత్రం ఏ లెక్కలోనూ నిలవదు. పొడుగు సీటు ఇద్దరి కోసం కాదు, నడిపేవాడు ముందుకూ వెనక్కూ జరగడానికి. వెనక ఇంకొకడు కూర్చుంటే గరిమనాభి పైకీ వెనక్కీ పోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి, నడిపేవాడికి ఒరగడానికి చోటే ఉండదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళు బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడపకూడదు. 16 నిండినవాళ్ళకు 50 సీసీ మించని మోటారు సైకిల్ ఒక్కదానికే మినహాయింపు. ఆ చట్టంలోనే మోటారు సైకిల్ అంటే రెండు చక్రాలది. నాలుగు చక్రాల క్వాడ్ ఆ మినహాయింపులోకి రాదు, అది 49 సీసీదైనా సరే. బహిరంగ స్థలం అంటే రోడ్డే కానక్కర్లేదు, ప్రజలకు వెళ్ళే హక్కున్న ఏ చోటైనా. అందరూ నడిచే బీచి అందులోకి రాదని వాదించడం కష్టం. 2019 సవరణ తరవాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. కంచె వేసిన ప్రైవేటు స్థలంలో అయితే ఈ చట్టం పట్టు సడలుతుంది. సరిగ్గా అక్కడే, రిసార్టుల్లో, సాహస క్రీడల పార్కుల్లో, పిల్లలు ఈ బండ్లు ఎక్కేది. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ 2018లో తెచ్చిన సాహస పర్యాటక మార్గదర్శకాల్లో ఈ బండ్ల సవారీకి ఒక భాగం ఉంది. కానీ అవి మార్గదర్శకాలే.

సీసీ అనే గీత ఎంత పాతబడిందో విద్యుత్ బండ్లు చూపిస్తున్నాయి. బ్యాటరీ క్వాడ్‌కు సీసీ ఎంత? సున్నా. ఆ సున్నా సీసీ బండి ఆగి ఉన్న చోటు నుంచే పూర్తి లాగుడు బలంతో కదులుతుంది, పెట్రోలు ఇంజనులా పుంజుకోవడానికి సమయం తీసుకోదు. పిల్లల బొమ్మ అనే పేరుతో అలాంటివి ఇళ్ళకు చేరుతున్నాయి. కాబట్టి ఇక రాయబోయే ఏ నియమమైనా మూడు అంకెలు అడగాలి: బండి బరువు, బిగింపుతో గరిష్ఠ వేగం, ఎన్ని డిగ్రీల వాలుకు పడుతుంది. ఆ మూడూ బండి మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి, పుదుచ్చేరిలో అయితే తమిళంలోనూ, యానాంలో తెలుగులోనూ.

నియమం పనిచేస్తుందా అన్న సందేహానికి కొంత జవాబు ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2010లో 14 ఏళ్ళలోపు పిల్లలు ఈ బండ్లు నడపడాన్ని నిషేధించింది, ఆపై వయసు పిల్లలకు కట్టుబాట్లు పెట్టింది. తరవాతి ఏళ్ళలో అక్కడి పిల్లల క్వాడ్ గాయాలు గణనీయంగా తగ్గాయి. తగ్గాయని ఎలా తెలిసింది? లెక్క ఉంది కాబట్టి. అమెరికాలో దాదాపు వంద ఆసుపత్రుల అత్యవసర విభాగాల నుంచి, గాయానికి కారణమైన వస్తువు పేరుతో సహా సమాచారం ఒకచోటికి చేరుతుంది. ఇందిరా నగర్‌కు జిప్మర్ దూరమేమీ కాదు. జాతీయ ప్రాధాన్యం ఉన్న సంస్థ, రోజూ గాయాలు చూసే సంస్థ. అలాంటి ఆసుపత్రుల కేసు కాగితంలో మూడు గళ్ళు చేరిస్తే చాలు: ఏ బండి, నడిపిన పిల్లవాడి బరువెంత, వెనక ఇంకొకరు ఉన్నారా. రెండు మూడేళ్ళలో ఈ తీరానికి సొంత లెక్క తయారవుతుంది.

ఈలోగా టిక్కెట్ల బల్ల దగ్గర ఒక బరువు తూచే యంత్రం, గోడ మీద ఒక టేపు పెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. ఇదివరకు ప్రతి రైల్వే ప్లాట్‌ఫారం మీదా రూపాయి వేస్తే బరువుతో పాటు జాతకం కూడా చెప్పే యంత్రం ఉండేది. ఇక్కడ బరువు ఒక్కటే చాలు. ఆ ఆదివారం అవి ఉండి ఉంటే, 40 కిలోలవాడికి 130 కిలోల బండి, యాక్సిలరేటర్ స్క్రూ 15 కిలోమీటర్లు దాటకుండా బిగించి, కంచె లోపల చదును నేల మీద, పక్కన నడిచే మనిషితో దొరికేది. పొడుగువాడి దగ్గర చిక్కు వస్తుంది. చిన్న బండి వాడికి గడ్డి బండి, పెద్ద బండికి వాడి కండ చాలదు, మధ్యస్థపు బండి మన అద్దె వరసల్లో అరుదు. అది లేకపోతే వాడికి ఆ రోజు సరైన సైజు బండి లేనట్టే. టిక్కెట్టు డబ్బులు వెనక్కి తీసుకుని, ఇద్దరికీ చెరో పొట్లం సుండల్ కొనిపెట్టడం ఒక మార్గం. పొడుగువాడు అలుగుతాడు. రెండేళ్ళలో వాడికి పదహారు వస్తాయి.